కానూరులో పాత ఫ్లాటా, కంకిపాడు వైపు స్థలమా? మొదటిసారి కొంటున్నాం, లెక్క చూసి చెప్పండి

పటమట టీచర్

అందరికీ నమస్కారం. నేను విజయవాడ పటమటలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ చెప్తాను. మా ఆయనకు ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉంది, లారీ బాడీ పని. నా జీతం 28 వేలు. ఆయనకు నెలకు ఇంత అని లేదు. ఒక నెల 80 వేలు మిగులుతుంది, వర్షాకాలంలో కూలీలకు ఇచ్చాక 25 వేలు మిగిలితే గొప్ప. రిటర్నుల్లో ఏడాదికి 6 లక్షలు చూపిస్తున్నాం. అత్తగారింటి పై వాటాలో ఉంటాం కాబట్టి అద్దె ఖర్చు లేదు. బాబుకి నాలుగేళ్ళు.

ఎఫ్‌డీలో 14 లక్షలు ఉన్నాయి. అది కాక 10 లక్షల చిట్టీ ఒకటి నడుస్తోంది. నెలకు 25 వేలు, 40 నెలలు. 17 కట్టాం, ఇంకా పాడలేదు. అప్పులు లేవు.

రెండు చోట్ల మాట నడుస్తోంది. ఒకటి కానూరులో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. 2011లో కట్టింది, 1,050 చదరపు అడుగులు, ఐదో అంతస్తు, లిఫ్టు ఉంది, యూడీఎస్, అంటే స్థలంలో మన వాటా, 32 గజాలు. 46 లక్షలు చెప్తున్నారు. అదే అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్లు 50 దాకా చెప్తుంటే ఇది 4 లక్షలు తక్కువకు వస్తోంది. ఇప్పుడు 13 వేలకు అద్దెకుంటున్నవాళ్ళు అలాగే ఉంటారట. ఓనరు గారు 36 లక్షలకు రిజిస్ట్రేషన్ చేసి 10 లక్షలు నగదుగా ఇమ్మంటున్నారు.

రెండోది కంకిపాడు దాటాక కొత్త లేఅవుట్‌లో 167 గజాలు, గజం 18 వేలు. మా ఆడపడుచు భర్త, అంటే అన్నయ్యగారు చూపించారు. ఇప్పుడు 8 లక్షలు కట్టి మిగతాది 18 నెలల్లో వాయిదాలుగా కట్టాలి, రిజిస్ట్రేషన్ చివర్లో చేస్తారు. ప్రస్తుతానికి రసీదులు ఇస్తారట. మూడేళ్ళలో రెట్టింపు అవుతుందని అన్నయ్యగారి నమ్మకం.

మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ ఇలా పెట్టుబడి కోసం కొనలేదు. మా నాన్న జీవితమంతా అద్దె ఇంట్లోనే ఉన్నారు. ఏది కొనాలో చెప్పమని అడగడం లేదు. మంచిదో కాదో లెక్క వేసుకునే పద్ధతి నేర్పండి. ఎంత లోన్ తీసుకోవచ్చు? చిట్టీ పాడేసి డౌన్‌పేమెంట్‌లో కలపవచ్చా? రాత్రి నిద్ర పట్టడం లేదు, నిజంగా చాలా టెన్షన్‌గా ఉంది.

తాడిగడప మధ్యవర్తి

టీచర్ గారూ, నేను కానూరు, తాడిగడప, పోరంకి ప్రాంతాల్లో ఇళ్ళు చూపిస్తాను. అదే నా జీవనం. ఒక్క మాట చెప్తాను. మీరు రాసినవన్నీ చెప్పిన ధరలు, అమ్ముడైన ధరలు కావు. ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని, అసోసియేషన్ ప్రెసిడెంట్‌ని కలిసి ఈ రెండేళ్ళలో ఏ ఫ్లాటు ఎంతకు తెగిందో అడగండి. ఒక్కరి మాట నమ్మొద్దు, ముగ్గుర్ని అడగండి. బేరం సిట్టింగ్‌లో కూర్చునే ముందు మీ చేతిలో ఆ మూడు అంకెలు ఉండాలి.

అద్దె కూడా అంతే. ఓనరు చెప్పిన 13 వేలు కాకుండా, అద్దెకున్నవాళ్ళను మీరే అడగండి. వాళ్ళు 11 ఇస్తుంటే 13 అని చెప్పడం నేను చూశాను. లిఫ్టు ఎప్పుడు మార్చారు, బోరు నీళ్ళు ఎలా ఉన్నాయి, కార్పస్ ఫండ్ (అసోసియేషన్ ఉమ్మడి నిధి)లో ఎంత ఉంది, ఇవీ కనుక్కోండి. పద్నాలుగేళ్ళు దాటిన బిల్డింగ్‌లో లిఫ్టు మార్చాల్సి వస్తే ఫ్లాటుకింత అని పంచుతారు. కొన్న మొదటి ఏడాదే అది మీ నెత్తిన పడొచ్చు.

బ్రాడీపేట 4/11

అమ్మా, నాది గుంటూరు. ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. చివరి పదకొండేళ్ళు ఇళ్ళ లోన్లే చూశాను. లెక్క నేర్పమన్నావు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఫ్లాటు. 46 లక్షలూ చెక్కు మీదే కొంటున్నావనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షలు దాటి 75 లోపు లోన్ అయితే ఇంటి విలువలో 80 శాతం వరకే ఇస్తారు. 46 మీద 36 లక్షల 80 వేలు. మిగతా 9 లక్షల 20 వేలు నువ్వు పెట్టాలి. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం. అది 3 లక్షల 45 వేలు. దీనికి లోన్ రాదు, చేతి నుంచే పెట్టాలి. మధ్యవర్తికి 1 శాతం 46 వేలు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, ప్రాసెసింగ్ కలిపి పాతిక వేలు అనుకో. రంగులు, బాత్‌రూమ్ లీకులు, వైరింగు కలిపి లక్షన్నర. పాత ఫ్లాటుకి ఇవి తప్పవు. అన్నీ కూడితే దాదాపు 14 లక్షల 86 వేలు. మీ దగ్గరున్నది 14. అంటే తాళం చేతికొచ్చిన రోజున మీ ఎఫ్‌డీ సున్నా, పైన 86 వేలు బాకీ. బాబుకి జ్వరం వచ్చినా చేబదులు వెతుక్కోవాలి. బ్యాంకు వాల్యుయర్ విలువ 46 కన్నా తక్కువ కడితే లోన్ ఆ తక్కువ మీదే వస్తుంది, అప్పుడు లోటు ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు నెలవారీ లెక్క. 8 శాతం వడ్డీకి 20 ఏళ్ళు పెట్టుకుంటే లక్షకు 836 రూపాయల చొప్పున ఈఎంఐ దాదాపు 30,780. మొదటి నెల అందులో 24,500 వడ్డీకే పోతుంది, అసలులో తీరేది 6,200. అద్దె 13 వేలు. ఏడాదికి ఒక నెల ఖాళీ ఉంటుందని రాసుకో. 11 నెలలకు 1,43,000. ఇంటి పన్ను 6 వేలు, మరమ్మతులు 12 వేలు తీసెయ్. మిగిలేది 1,25,000. నీకు మొత్తం అయిన ఖర్చు 51 లక్షల 66 వేలు. దాని మీద ఇది రెండున్నర శాతం కూడా కాదు. ఈఎంఐ ఏడాదికి 3,69,000 పైన. అద్దె పోను నెలకు 20 వేల పైచిలుకు నీ జేబు నుంచి కట్టాలి.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. మొదటి ఏడాది వడ్డీకి పోయేది 2 లక్షల 92 వేలు. అందులో అద్దె రాబడి తీసేస్తే 1 లక్ష 67 వేలు. నీ 14.86 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండుంటే ఆరున్నర శాతం చొప్పున 96 వేలు వచ్చేవి, అవీ పోయాయి. మొత్తం 2 లక్షల 63 వేలు. అంటే ఆ ఫ్లాటు ధర ఏటా కనీసం 5.7 శాతం పెరిగితేనే నువ్వు సమానంగా ఉంటావు. పద్నాలుగేళ్ళు దాటిన ఫ్లాటు ఏటా అంత పెరుగుతుందా? ఈ ప్రశ్నకు జవాబు ఆ గోడల్లో ఉండదు, నేలలో ఉంటుంది. గోడలు ఏటా పాతబడతాయి, పెరిగేది భూమి. నీ వాటా 32 గజాలు. అక్కడ గజం 60 వేలు అనుకుందాం, నువ్వు విచారించి సరైన అంకె వేసుకో. 19 లక్షల 20 వేలు. మిగతా 26 లక్షల 80 వేలు కట్టడానికి ఇస్తున్నావు. 1,050 అడుగులతో భాగిస్తే అడుగుకు 2,550. ఇవాళ అడుగుకి ఎంతకు కడుతున్నారో ఇద్దరు మేస్త్రీలను అడుగు. కొత్తగా కట్టే ఖర్చు దీనికి దగ్గర్లోనో కిందనో ఉంటే, పాతదానికి కొత్తదాని ధర ఇస్తున్నట్టే.

నగదు మాట. ఇది మాత్రం చెయ్యకు. ఇల్లు, స్థలం లావాదేవీల్లో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టరీత్యా తప్పు, తీసుకున్నంత మొత్తం పెనాల్టీ పడవచ్చు. ఆ పెనాల్టీ తీసుకున్నవాళ్ళకే కదా అనుకోకు. 36కి రిజిస్ట్రేషన్ అయితే లోన్ 36 మీదే వస్తుంది, 30 లక్షలు దాటదు. మిగతా 16 లక్షలు ఎక్కడి నుంచి తెస్తావు? రేపు నువ్వు అమ్మేటప్పుడు నీ కొన్న ధర 36 అనే కాగితంలో ఉంటుంది, లేని లాభం మీద 12.5 శాతం పన్ను కడతావు.

ఎంత లోన్ తీసుకోవచ్చు అన్నావు. మీ ఇద్దరి ఆదాయం కాగితం మీద 78 వేలు. అందులో సగం దాకా ఈఎంఐకి సరే అంటారు కాబట్టి బ్యాంకు సంతోషంగా ఇస్తుంది. కానీ నీ చిట్టీ 25 వేలు బ్యాంకుకు కనిపించదు. 30,780, 25 వేలు కలిపితే 55 వేలు దాటింది. షెడ్డులో పని లేని ఆషాఢంలో, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన నెలలో ఇది కట్టగలవా? నేను లోన్లు ఇచ్చిన రోజుల్లో ఈ ప్రశ్న అందరినీ అడిగేవాణ్ణి. నా విషయంలో మాత్రం అడుక్కోలేదు. అది కూడా చెప్తాను.

2017 అక్టోబర్‌లో అమరావతి రాజధాని గ్రామాల పక్కన 200 గజాలు కొన్నాను. గజం 17 వేలు, 34 లక్షలు. పీఎఫ్‌లోంచి 16 లక్షలు తీశాను. నడుస్తున్న చిట్టీ తొందరపడి పాడి 8 లక్షలు తెచ్చాను. మిగతా 10 లక్షలకు తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి నోటు రాశాను. నెలకు 20 వేలు వడ్డీ. ఏడాదిలో అమ్మేస్తాం కదా అనుకున్నాను. 2019 డిసెంబర్‌లో అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత ఆ స్థలం అడిగినవాళ్ళు లేరు. ధర తగ్గిందని కాదు, అసలు ఫోనే మోగలేదు. ఆదివారాలు బండి వేసుకుని వెళ్ళి చూసొచ్చేవాణ్ణి. హద్దు రాళ్ళ మీద తెల్ల సున్నం పోయి, మధ్యలో తుమ్మ మొక్కలు నడుము ఎత్తు పెరిగాయి. 46 నెలలు వడ్డీ కట్టాను. 9 లక్షల 20 వేలు. ఇక కట్టలేక 2021 ఆగస్టులో గజం 8,500 చొప్పున ఇచ్చేశాను.

రిజిస్ట్రేషన్ రోజున దస్తావేజులు రాసే కొట్టు బల్ల మీద అప్పిచ్చినాయన మనిషి నోటు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. వచ్చిన 17 లక్షల్లో 10 అతనికి ఇచ్చాను. అతను నోటు నాలుగు ముక్కలుగా చింపి నా చేతిలో పెట్టాడు. మా ఆవిడ ఆ ముక్కలు తీసుకుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. దారంతా మాట్లాడలేదు.

2022 మార్చిలో అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయాలని హైకోర్టు తీర్పు వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్ళీ మొదలుపెట్టించారు. ఆ వరసలోనే, నా పక్క స్థలం ఆయన పూర్తి చేతి డబ్బుతో కొన్నాడు, అమ్మకుండా ఉంచుకున్నాడు, ఇప్పుడు నేను కొన్నదానికన్నా చాలా ఎక్కువే అడుగుతున్నారు. ఇద్దరం ఒకే నేల కొన్నాం, ఒకే ధరకు కొన్నాం. నేను తెచ్చిన డబ్బుకి ప్రతి నెలా ఒకటో తారీఖున వడ్డీ కట్టాల్సి వచ్చింది, ఆయన డబ్బుకి అది లేదు. అందుకే అమ్మా, ధర ఎంత పెరుగుతుంది అనే లెక్క కన్నా ముందు, ఒక్క రూపాయి రాకపోయినా ఎన్నాళ్ళు పట్టుకోగలను అనే లెక్క వెయ్యి.

చిట్టీ గురించి. ఇప్పుడు పాడితే రెండు లక్షల అరవై వేలు కోతపోయి 7 లక్షల 40 వేలు వస్తుందనుకో. చివరిదాకా ఆగితే తొమ్మిదిన్నర దాకా వస్తుంది. 23 నెలలు ముందు తీసుకున్నందుకు 2 లక్షల 10 వేలు వదులుకుంటున్నావు. ఏడాదికి 14 శాతం వడ్డీకి అప్పు తెచ్చినట్టే. 8 శాతానికి బ్యాంకు ఇస్తుంటే ఇది ఎందుకు? ఆ చిట్టీని ఆపదకు ఉంచు.

కంకిపాడు స్థలం సంగతి. రసీదుల మీద 8 లక్షలు ఇవ్వకు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో, నమోదు కావాలి. నమోదైన ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాయకుండా 10 శాతం కన్నా ఎక్కువ తీసుకోకూడదు, అది 2016 చట్టంలో 13వ సెక్షన్. 30 లక్షల మీద 10 శాతం అంటే 3 లక్షలు. వాళ్ళు అడుగుతున్నది 8. అన్నయ్యగారిని నొప్పించకుండా అడగాలంటే బ్యాంకు మీద పెట్టు. 'లోన్‌కి వెళ్తున్నాం, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, రెరా నంబరు, లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) కావాలంటున్నారు' అను. రెరా సైట్‌లో ఆ నంబరు కొట్టి నీ ప్లాటు నంబరు, కొలతలు సరిపోయాయో చూడు. మార్ట్‌గేజ్‌లో పెట్టిన ప్లాటు కాదని చూడు. రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడు. అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకిచ్చినది అయితే, 1977 చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లకపోవచ్చు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. కానీ ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. రిజిస్టర్ కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా ఈసీలో కనిపించవు. లాయరుకిచ్చే ఐదో పదో వేలు దండగ అనుకోకు.

ఒకటి మర్చిపోయాను. ఫ్లాటు ఐదో అంతస్తు అన్నావు, మిగతావాటికన్నా 4 లక్షలు తక్కువ అన్నావు. ప్లాన్ అనుమతి కాపీ అడుగు. 2011 అంటే వీజీటీఎం ఉడా (అప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) రోజులు, సీఆర్‌డీఏ ఇంకా రాలేదు. ఎన్ని అంతస్తులకు అనుమతి ఇచ్చారో నీ కళ్ళతో చూడు.

పాయకాపురం అక్క

పెద్దాయన అన్నీ చెప్పారు. నేను నీళ్ళ సంగతి చెప్తాను చెల్లీ.

మాది పాయకాపురంలో కింద పోర్షన్ అద్దెకిచ్చిన ఇల్లు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు నీళ్ళు వచ్చాయి. పొద్దున గేటు దగ్గర, మధ్యాహ్నానికి గ్యాస్ బండ తేలుతోంది. మేం పై అంతస్తులో ఉన్నాం, అద్దెకున్నవాళ్ళను పైకి తీసుకొచ్చుకున్నాం. నీళ్ళు పోయాక గోడ మీద నా భుజం ఎత్తున గీత మిగిలింది. రెండుసార్లు సున్నం వేసినా వాన పడితే ఆ గీత తడిగా పైకి వస్తుంది. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు, పాపం ఫ్రిజ్, మంచాలు అన్నీ పోయాయి. ఆరు నెలలు ఖాళీగా ఉంది. తర్వాత 9 వేల ఇల్లు ఆరున్నరకు ఇచ్చాం. ఈఎంఐ మాత్రం నెలనెలా పోయింది. ఇంటికి బీమా చేయించలేదు. లోన్ తీసుకునేటప్పుడు బ్యాంకువాళ్ళు చెప్తే అనవసరం అనుకున్నాం.

నీ ఫ్లాటు ఐదో అంతస్తు కాబట్టి ఇంట్లోకి నీళ్ళు రావు, కానీ లిఫ్టు మోటారు, కరెంటు మీటర్లు, బోరు మోటారు అన్నీ కిందే ఉంటాయి. కంకిపాడు వైపు స్థలం అయితే పెద్ద వాన పడిన మర్నాడు వెళ్ళి చూడు. అటు వరి చేలే లేఅవుట్లు అవుతున్నాయి. నల్లరేగడి నేల. రోడ్డు కన్నా ప్లాటు ఎంత పల్లంలో ఉంది, ఎన్ని లారీల మట్టి పోయాలి, పునాదికి ఎంత లోతు వెళ్ళాలి, పక్క ఊళ్ళో ఇల్లు కట్టుకున్న మేస్త్రీని అడుగు. గజం 18 వేలు అనేది పైకి కనిపించే ధర. మెరక తోలించిన ఖర్చు కూడా అందులో కలుపుకుని చూడు.

గోరంట్ల నుంచి

అక్కా, నాకు 26. ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తా. ఇల్లు కొనే డబ్బు ఇంకా లేదు. అందుకని నేను రీట్ యూనిట్లు కొంటున్నా. పెద్ద ఆఫీసు భవనాలు, మాల్స్ అద్దెకిచ్చే ట్రస్టులు, షేర్లలా మార్కెట్లో దొరుకుతాయి. మన దేశంలో మొదటిది 2019లో వచ్చింది. ఒక్క యూనిట్ అయినా కొనొచ్చు, కొన్ని వందలు చాలు. పంచగలిగే డబ్బులో 90 శాతం మనకు పంచాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. యూనిట్ ధర రోజూ పెరుగుతుంది, తగ్గుతుంది, అది గుర్తుపెట్టుకోండి. కానీ రిజిస్ట్రేషన్ ఖర్చు లేదు, మధ్యలో డబ్బు కావాలంటే నాలుగు యూనిట్లు అమ్ముకోవచ్చు. ఫ్లాటులో ఒక గది అమ్మలేం కదా. మొత్తం ఇందులో పెట్టమనడం లేదు. మంచి ఇల్లు దొరికేదాకా కొంత భాగం దీనిలో పెట్టి, అద్దె ఆదాయం ఎలా ఉంటుందో చూస్తూ నేర్చుకోవచ్చు.

పటమట టీచర్

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. మీరందరూ ఇంత శ్రద్ధగా రాశారు, నాలుగుసార్లు చదివాను. మా ఆయనకు కూర్చోబెట్టి చదివి వినిపించాను.

ముందు ఫ్లాటు. ప్లాన్ కాపీ అడిగితే ఓనరు గారు మూడు రోజులు ఇదిగో అదిగో అన్నారు. చివరికి అసోసియేషన్ సెక్రటరీ గారి ఇంట్లో జిరాక్స్ దొరికింది. పాత నీలం ప్లాను, మడతల దగ్గర చిరిగిపోయి టేపు వేసి ఉంది. నేల మీద పరిచి ఆయనా నేనూ వేలు పెట్టి లెక్కపెట్టాం. కింద స్టిల్టు (పార్కింగు), పైన నాలుగు అంతస్తులు. అంతే. ఐదోది లేదు. మేం చూసిన ఫ్లాటు కాగితం మీద లేనే లేదు. తర్వాత అద్దెకున్నావిడను అడిగితే వాళ్ళు ఇస్తున్నది కూడా 11 వేలేనట. మధ్యవర్తి గారూ, మీరు అన్నది అక్షరాలా నిజమైంది. ఎందుకైనా మంచిదని బ్యాంకులో అడిగాం. అనుమతి లేని అంతస్తుకి లోన్ ఇవ్వం అని రెండు నిమిషాల్లో చెప్పేశారు. ఆ 4 లక్షల తగ్గింపు ఎందుకో అప్పుడు అర్థమైంది. అడ్వాన్సు ఇవ్వలేదు, అదే అదృష్టం.

అన్నయ్యగారికి మీరు చెప్పినట్టే బ్యాంకు పేరు చెప్పి అడిగాను. ఆయన ఏమీ అనుకోలేదు, పైగా ఆయనే ఫోన్ చేసి అడిగారు. అవతలివాళ్ళు ఎల్పీ నంబరు దరఖాస్తులో ఉందన్నారు. 3 లక్షలు తీసుకుని రిజిస్టర్డ్ అగ్రిమెంట్ రాయండి అంటే కుదరదన్నారు. అన్నయ్యగారు కూడా అక్కడ 5 లక్షలు కట్టి ఉన్నారు. ఇప్పుడు ఆయన మొహం చూడలేకపోతున్నాం. ఆయన ఏం చేయాలి? ఆ 5 లక్షలు వెనక్కి వస్తాయా?

బ్రాడీపేట 4/11

అమ్మా, ప్లాను నేల మీద పరిచి లెక్కపెట్టారు చూడు, అది చదివి చాలా సంతోషించాను.

అన్నయ్యగారి విషయంలో ఆలస్యం చేయొద్దు. ఆయన చెక్కు మీద కట్టారా, నగదా? చెక్కో బ్యాంకు ట్రాన్స్‌ఫరో అయితే స్టేట్‌మెంట్ తీయించండి. రసీదులు, వాళ్ళిచ్చిన బ్రోచర్, వాట్సాప్‌లో పంపిన ధరల కాగితం, మాటలు అన్నీ ఒక ఫైల్లో పెట్టమనండి. ముందు మర్యాదగా డబ్బు వెనక్కి అడుగుతూ ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాలి, అందినట్టు రుజువు దాచుకోవాలి. నోటిమాట మీద ఉంటే నెలలు గడిచిపోతాయి. రెరా నమోదు లేకుండా ప్లాట్లు అమ్మకానికి పెట్టడమే చట్టం ఒప్పుకోదు, కాబట్టి రెరాకు ఫిర్యాదు పెట్టే దారి ఉంది. ఉత్తరం మాత్రం లాయరుతో రాయించండి. ఇంకో వాయిదా మాత్రం కట్టవద్దని చెప్పు. సగం కట్టాం కదా అని మిగతాది కట్టేవాళ్ళను బ్యాంకులో చాలామందిని చూశాను.

మీ సంగతి. 14 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండనివ్వు. అందులో ఆరు నెలల ఇంటిఖర్చు, చిట్టీ వాయిదాలు కలిపి విడిగా పక్కన పెట్టు, అది ఇల్లు కొనే డబ్బు కాదు అనుకో. మీ ఆయన సంపాదన మీదే ఇల్లు నడుస్తోంది కాబట్టి లోన్‌కి ముందే ఆయన పేర టర్మ్ పాలసీ తీసుకోండి. ఆ వయసుకి ప్రీమియం తక్కువే. రిటర్నులు ఉన్నది ఉన్నట్టు చూపించండి. రెండు మూడేళ్ళ రిటర్నులు చూసే లోన్ ఎంతో తేలుస్తారు. చిట్టీ పూర్తయ్యేసరికి 9 లక్షల పైన చేతికొస్తుంది. అప్పుడు ఇదే ధర ఇంటికి లోన్ 28, 29 లక్షలతో సరిపోతుంది. ఈఎంఐ 23, 24 వేలు, చిట్టీ వాయిదా కూడా ఉండదు. ఫ్లోటింగ్ వడ్డీ లోన్ అయితే షెడ్డులో పని బాగున్న నెలల్లో అదనంగా కట్టేయొచ్చు, పెనాల్టీ ఉండదు.

పటమట టీచర్

అన్నయ్యగారు 3 లక్షలు చెక్కు, 2 లక్షలు నగదు ఇచ్చారట. నగదుకి కూడా రసీదు ఉంది. రేపు సాయంత్రం మా ఆయన, ఆయన కలిసి లాయరు దగ్గరికి వెళ్తున్నారు. ఉత్తరంలో నగదు సంగతి ఎలా రాయాలో కూడా లాయరునే అడుగుతారు.

ఎఫ్‌డీ కదపలేదు. ఒక పాత లెక్కల నోటుబుక్కులో మీరు చెప్పిన వరసలోనే గీతలు గీశాను. ఫ్లాటు ధర, చేతి ఖర్చు, పదకొండు నెలల అద్దె, యూడీఎస్ గజాలు, ప్లాన్‌లో అంతస్తులు, వానకు నీళ్ళు. ఆదివారం పోరంకిలో ఒకటి, యనమలకుదురులో ఒకటి చూసి రాసుకొచ్చాం. పోరంకిది మూడో అంతస్తు. ప్లాన్ కాపీ అడగ్గానే ఓనరు గారు లోపలికి వెళ్ళి ఫైలు తెచ్చి టీపాయ్ మీద పెట్టారు.